సైరన్ మేస్త్రి దగ్గర నేను మంచివాణ్నైన వైనం

ఆ రోజుల్లో నన్ను ఎక్కడ కూర్చోబెట్టినా నా కుడి మోకాలు మాత్రం కూర్చునేది కాదు. జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్లో గల్లాపెట్టె వెనక కుర్చీ వేసి నన్ను కూర్చోబెడితే ఆ కాలు దానంతటది ఆడుతూ ఉండేది. ఆ ఊపుకి పక్క అరలోని సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. "కొట్లో కాళ్లూపితే లక్ష్మి నిలవదురా" అని నాన్న రోజూ అనేవాడు. (లక్ష్మి సంగతి నాకు తెలియదు గానీ, నా పక్కన కూర్చునే గుమాస్తా మాత్రం నిలవలేక ఎదురు కొట్లో చేరిపోయాడు.) అప్పటికి నా డిప్లొమా పూర్తయీ కాకుండా ఉంది. సబ్జెక్టులు కొన్ని మిగిలిపోయాయి. ఇంట్లో కుదురు లేదు, కొట్లో కుదురు లేదు, నిద్రలో కూడా దుప్పటి ఒకచోట, నేను ఒకచోట. చివరికి నాన్నే విసిగి, "ఇనప సామాన్ల మధ్య పడేస్తేనన్నా కాలు ఆగుద్దేమో" అని, తెలిసినవాళ్లని పట్టుకుని, నందిగామ దగ్గర హైవే పక్కనున్న ఒక షెడ్డులో చేర్పించాడు. టిప్పర్ లారీలకి తొట్లు కట్టే షెడ్డు అది. మా వంశంలో పప్పులూ బెల్లమూ తూచిన చేతులే గాని సుత్తి పట్టిన చేయి లేదు. అందుకని నేను చాలా గర్వంగా, మొదటిరోజే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాను. మధ్యాహ్నానికి వెల్డింగ్ రవ్వలు పడి ఆ చొక్కాకి జల్లెడలా చిల్లులు పడ్డాయి. నాకు "షావుకారు" అని పేరూ పడింది.

ఆ షెడ్డు గురించి చెప్పాలంటే ముందు అక్కడి పెద్దమేస్త్రి గురించి చెప్పాలి. ఆయనది కీసర. పొట్టిగా, గట్టిగా, దూలాన్ని అడ్డంగా కోసి నిలబెట్టినట్టు ఉండేవాడు. ఆయన గొంతు లేస్తే హైవే మీద వెళ్లే లారీల హారన్లు వెనకబడిపోయేవి. అందుకే అందరూ ఆయన్ని చాటుగా సైరన్ అనేవాళ్లు. ఉదయం ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట తిట్టు, సాయంత్రం వచ్చే చివరి మాట కూడా తిట్టే, మధ్యలో వచ్చేవి కొలతలు. ఆయన తర్వాతి మనిషి వెల్డర్ బాబాయి. సన్నగా ఉంటాడు, సన్నగానే మాట్లాడతాడు, కానీ ఆ మాట చర్మం కిందికి దూరి రెండు రోజులు లోపలే తిరుగుతుంది. మేస్త్రి పని తనకి రావలసిందని, ఆ సైరన్ అడ్డంపడ్డాడని ఆయన బాధ. మూడోవాడు వత్సవాయి నుంచి వచ్చే పెయింటర్ అన్న. ఇద్దరు ఆడపిల్లల తండ్రి, మంచివాడు. అందుకని తిట్లన్నీ మెట్లు దిగి చివరికి ఆయన దగ్గరికే చేరేవి. ఇంకా హెల్పర్లు, ఫిట్టర్లు వచ్చేవాళ్లు వచ్చేవాళ్లే, పోయేవాళ్లు పోయేవాళ్లే. ఎవడూ ఆ మాటల మధ్య ఎక్కువకాలం నిలిచేవాడు కాదు.

షెడ్డులో రాయని నియమం ఒకటుండేది. ఎవరైనా పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు. పలికితే లోకువైపోతాం. రెండో పిలుపుకి "చచ్చా!" అని అరవాలి. మూడో పిలుపుకి అవతలివాడి తాతముత్తాతల్ని పలకరిస్తూ నింపాదిగా లేవాలి. బోల్టులు బిగించే మంచి పానా ఏదైనా దొరికితే బల్ల మీద పెట్టకూడదు, పాత టైర్లో దాచుకోవాలి. పక్కవాడి చెయ్యి కాలితే ముందు నవ్వాలి, తర్వాత బర్నాల్ వెతకాలి. నేను ఈ చదువంతా డిప్లొమా కంటే చాలా త్వరగా నేర్చుకున్నాను. పైగా నాకు ఇంకో విద్య ఉండేది. సైరన్ మేస్త్రి నడకనీ అరుపునీ ఆయన పక్కకి తిరగ్గానే చేసి చూపించేవాణ్ని. వెల్డర్ బాబాయి ముసుగద్దం పైకెత్తి మరీ చూసేవాడు. "మళ్లీ చెయ్యరా షావుకారూ, ఆ మెడ తిప్పటం ఇంకోసారి" అని అడిగి చేయించుకునేవాడు. నాకు అదొక గౌరవంగా ఉండేది. ఇంటికి వెళ్లి మాత్రం, "అమ్మా, అక్కడ మనుషులు రాక్షసులే, ఆ నోళ్లు నువ్వు వింటే తట్టుకోలేవు" అని రోజూ అన్నం కలుపుకుంటూ వాపోయేవాణ్ని.

అలా ఉండగా ఒక ఆదివారం మా పెద్దనాన్న ఇంటికి వచ్చాడు. మా కుటుంబంలో ఆయన మాటంటే మాటే. ఆయన ముందు నాన్న కూడా కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు. నేను లోపలి గదిలో పడుకుని ఉన్నాను. ఆయన హాల్లోంచి, "ఒరే అబ్బాయ్, కాసిని మంచినీళ్లు తీసుకురా" అన్నాడు. నాకు వినపడింది. మొదటి పిలుపు కనక పలకలేదు. మళ్లీ పిలిచాడు. "చచ్చా!" అని అరిచాను. ఆయన కంగారుపడి ఇంకాస్త గట్టిగా పిలిచాడు. నేను కళ్లు తెరవకుండానే, "ఎవడ్రా అది, పొద్దున్నే గొంతులో గడ్డపార దిగిందా? కాళ్లు పడిపోయినయ్యా? వచ్చి తాగు!" అన్నాను. లేచి వచ్చి చూస్తే అమ్మ అట్లకాడ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. పెనం మీద అట్టు మాడుతోంది. పెద్దనాన్న తనే వెళ్లి కుండలో నీళ్లు ముంచుకుని తాగి, కండువా దులిపి భుజాన వేసుకుని, "వస్తానమ్మా" అని అమ్మకి మాత్రం చెప్పి వెళ్లిపోయాడు. నాన్న ఆ రోజు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

మా అక్క బళ్లో టీచరు. సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తూ నన్ను పిలిచింది. (మొదటి పిలుపుకే పలికాను.)

"రోజూ వచ్చి వాళ్లు అట్టా తిడతారు, ఇట్టా తిడతారు అంటావే, పొద్దున పెద్దనాన్న విన్నది ఎవరి గొంతురా?" అంది.

"అలవాటైపోయిందే. అక్కడ అట్టా లేకపోతే బతకనివ్వరు."

"వాళ్ల నోళ్లకి నువ్వు తాళం వెయ్యలేవు. నీ నోరు నీ మొహానికే ఉందిగా. ముందు దాని సంగతి చూసుకో."

నేనేదో చెప్పబోయాను గానీ ఆవిడ నా చేతిలో దుప్పటి రెండు కొసలు పెట్టి, మడత పెట్టమని లోపలికి వెళ్లిపోయింది. ఒక్కణ్నే దుప్పటి మడవటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఆ రాత్రి నిద్రపట్టక దొర్లీ దొర్లీ ఒక నిర్ణయానికి వచ్చాను. రేపట్నుంచి మంచివాణ్నైపోవాలి. తిట్టకూడదు, తిడితే తిరిగి అనకూడదు, పిలిస్తే వెంటనే పలకాలి, వస్తువులు దాచకూడదు, వెక్కిరించకూడదు. ఒక్క వారంలో షెడ్డు మొత్తం దారికి వచ్చేస్తుందని నా లెక్క. ఇరవై రెండేళ్ల వయసులో లోకాన్ని మార్చటానికి వారం చాలా పెద్ద గడువు.

మర్నాడు బస్సు దిగి నేరుగా సైరన్ దగ్గరికి వెళ్లి, "నమస్తే మేస్త్రిగారూ" అన్నాను. ఆయన నా వెనక్కి తొంగిచూశాడు, ఓనరుగారి కారు వచ్చిందేమోనని. రాలేదు. అప్పుడు నన్ను కిందనించి పైకి చూసి, "తాగొచ్చావేందిరా?" అన్నాడు. టైర్లో దాచుకున్న నా మంచి పానాల్ని తీసి అందరికీ ఉపయోగపడేలా బల్ల మీద పేర్చాను. టీ వచ్చేలోపు అవి అందరికీ ఉపయోగపడటానికి వెళ్లిపోయాయి, ఆ రోజు ఒక్కటీ తిరిగి రాలేదు. ఒక హెల్పర్ కాలి మీద రేకు పడితే నేను నవ్వకుండా పరుగెత్తుకెళ్లి నీళ్లు పోశాను. వాడు నొప్పి మరిచిపోయి నన్నే అనుమానంగా చూశాడు. వెల్డర్ బాబాయి నన్ను పక్కకి పిలిచి, "ఏవయ్యా షావుకారూ, సైరన్ మెడ తిప్పుడు ఒకసారి చూపియ్యి" అన్నాడు. "మానేశా బాబాయ్" అన్నాను. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. "ఓహో. ఓనరు మనిషివైపోయావన్నమాట. మా మాటలు మోసుకెళ్లటానికి పెట్టాడా నిన్ను?" అన్నాడు. మధ్యాహ్నానికల్లా నేను ఓనరు పెట్టిన గూఢచారినని షెడ్డంతా తెలిసిపోయింది. నేను వెళ్లేసరికి భోజనాల దగ్గర మాటలు ఆగిపోయేవి. నేను తెచ్చిన మామిడికాయ పప్పు ఎవరూ వేలితో కూడా ముట్టుకోలేదు. అమ్మ పప్పుని కాదన్న వాళ్లని నేను అంతకుముందు చూడలేదు, నాకు తిట్లకంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

పెయింటర్ అన్న ఒక్కడే దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "తమ్మీ, పానం మంచిగ లేదా?" అని అడిగాడు.

"నాకేం లేదన్నా, బానే ఉన్నా."

"మొదట్ల అందరు గట్లనే అంటరు. డాక్టరేమన్నడు?"

"అన్నా, నేను మంచిగా ఉందామనుకుంటున్నా, అంతే."

"మా పెద్దమామ గూడ పోయేముందు ఇట్లనే మంచిగైండు" అని ఆయన కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు పరిటాల ఆంజనేయస్వామి దగ్గర్నించి సింధూరం తెచ్చి నా నుదుట పెట్టాడు. నేను కాదనలేదు. ఆ పూట అందరూ నన్ను చూసి జాలిగా తప్పుకున్నారు. గూఢచారి కంటే రోగి నయమని నేనూ సరిపెట్టుకున్నాను.

అందరూ ఒక ఎత్తు, సైరన్ మేస్త్రి ఒక ఎత్తు. ఆయన దగ్గర నా మంచితనం పూర్తిగా తిరగబడింది. పిలవగానే నేను అక్క చెప్పినట్టు, మెత్తగా, "ఆ, వస్తున్నానండీ" అనేవాణ్ని. ఆయన మళ్లీ పిలిచేవాడు. "వస్తున్నానండి మేస్త్రిగారూ." మూడోసారికి ఆయన మొహం ఎర్రబడి, "పిలుస్తుంటే పలకవేందిరా, నోట్లో ఏం పెట్టుకున్నావు, నీ పొగరు తగలెయ్య!" అని రేకులు అదిరేలా అరిచేవాడు. ఎదురు తిట్టిన రోజుల్లో కూడా ఆయన నన్ను అంత తిట్టలేదు. నాకు రోజంతా కాలు నిలిచేది కాదు. గ్రైండర్ పట్టుకుంటే చెయ్యి, గ్రైండర్ వదిలేస్తే కాలు, ఏదో ఒకటి వణుకుతూనే ఉండేది. అక్క మాట పట్టుకుని చెడ్డానని, మానేసి కొట్లో కూర్చుంటే పోతుందని అనుకున్నాను. కొట్టు గుర్తుకొచ్చి ఆ ఆలోచన మానుకున్నాను. చివరికి, ఇక పలకటం దండగ అని, ఒకసారి ఆయన పిలవగానే నోరు మూసుకుని నడుచుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను.

సైరన్ ఆగిపోయింది. ఆయన నా మొహంలోకి, సరిగ్గా చెప్పాలంటే నా పెదాలవైపు చూస్తూ, మామూలు మనుషుల గొంతుతో, "ఆ... ఆ చానల్ కొలత ఎంతొచ్చింది?" అని అడిగాడు. చెప్పాను. "సరే, ఎల్లు" అన్నాడు. తిట్టు లేదు! నాకు నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు కూడా పిలవగానే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను, అదే గొంతు. అనుమానం వచ్చి, ఆయన వెనక నిలబడి మెల్లగా, "మేస్త్రిగారూ" అన్నాను. తిరగలేదు. కాస్త గట్టిగా అన్నాను. తిరగలేదు. అప్పుడు వెలిగింది. ఏళ్ల తరబడి ఇనుము మీద ఇనుము కొట్టిన మోతకి ఆయన చెవులు రెండూ దాదాపుగా పోయాయి. మేం పలకటం లేదని కాదు, పలికినా ఆయనకి వినపడటం లేదు. తన గొంతు తనకే వినపడక అరుస్తున్నాడు. ఎవడూ లెక్కచేయడం లేదనుకుని తిడుతున్నాడు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం నాకు ఎంత కష్టంగా గడిచిందో మాటల్లో చెప్పలేను. నా నాలుక చివర అది దురదపెట్టింది. చెవిటి సైరన్! దాన్ని ఎలా నటించి చూపించాలో, ఎక్కడ మెడ తిప్పాలో, వెల్డర్ బాబాయి ఎక్కడ పడీపడీ నవ్వుతాడో అన్నీ కళ్లముందు మెదిలాయి. ఒక్క పూటలో నా పరపతంతా తిరిగి వచ్చేస్తుంది. కానీ వెల్డర్ బాబాయి నవ్వు అక్కడితో ఆగదని, ఓనరు దాకా వెళుతుందని, వెళితే మేస్త్రి కీసర వెళ్లి కూర్చోవలసిందేనని కూడా నాకు తెలుసు. బస్సు రాగానే ఎక్కి, జగ్గయ్యపేట దాకా పెదాలు బిగబట్టుకుని కూర్చున్నాను. మనిషి మంచివాడవటం ఇంత ఊపిరాడని పని అని ఎవరూ ముందుగా చెప్పరు.

తర్వాత కొద్దిరోజులకే అది జరిగింది. ఒక టిప్పర్ పని పూర్తయింది. తొట్టిని జాకీతో పైకి లేపి చూసుకుని, ఇక దించుదామని, కింద పెట్టిన కొయ్య దిమ్మ తీసేశారు. మేస్త్రి లివర్ దగ్గర నిలబడ్డాడు. ఇంజను నడుస్తోంది. అంతలో పెయింటర్ అన్నకి లారీ ఛాసిస్ చట్రం మీద రంగు అంటని మచ్చ ఒకటి కనపడిందేమో, బ్రష్ పట్టుకుని అవతలి పక్కనుంచి కిందికి దూరాడు. మేస్త్రికి ఆయన కనపడడు. తొట్టి దిగటం మొదలైంది. ముందు చూసినవాడు వెల్డర్ బాబాయి. "ఆపు! ఆపెహే! లోపల మనిషున్నాడు!" అని అరిచాడు. హెల్పర్లూ అరిచారు. అరుస్తూ అందరూ ఉన్నచోటే నిలబడ్డారు. మా షెడ్డులో కేక వేశాక ఇంకేం చెయ్యాలో ఎవరికీ అలవాటు లేదు. నాకు మాత్రం ఆ మధ్య ఆయన దగ్గరికి నడిచి వెళ్లటమే అలవాటైపోయింది. ఈసారి నడవలేదు, పరుగెత్తి ఆయన చేతిని లివర్ మీదనుంచి లాగేశాను. తొట్టి ఆగింది. మేస్త్రి ఏమీ తెలియక నా చెంప మీద ఒక్కటి ఇచ్చాడు. (సుత్తి పట్టిన చెయ్యి. ఆ పక్క దవడ ఇప్పటికీ చలికాలంలో పలకరిస్తుంది.) అప్పుడు తొట్టి కిందనుంచి బ్రష్, దాని వెనక పెయింటర్ అన్న, మోకాళ్ల మీద పాక్కుంటూ బయటికి వచ్చారు. ఆయన మొహం రంగు వేయని రేకులా ఉంది.

ఇంజను ఆపేశారు. మేస్త్రి అలాగే నేలమీద కూలబడ్డాడు. వెల్డర్ బాబాయి వచ్చి ఎదురుగా నిలబడి, "అంత మొత్తుకుంటే వినపళ్లా? చెవుడా నీకు?" అన్నాడు. బాబాయి నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా షావుకారూ. రోజూ పోయి మొహంలో మొహం పెట్టి మాట్లాడతన్నావుగా. నీకు తెలీదా?"

అందరూ నన్నే చూస్తున్నారు. నా కాలు ఆడుతోంది. అబద్ధం చెబితే రేపు ఇంకొకడు తొట్టి కింద పోతాడు. నిజం చెబితే ఈయన పోతాడు. "ఈ మోతలో ఎవరికి వినపడుద్ది బాబాయ్?" అన్నాను. "రోజంతా ఊరికే అరుస్తానే ఉంటాం. నిజంగా అరిచినప్పుడు ఎవడు పట్టించుకుంటాడు? ఆయనకి వినపడదు, మనకి వినపడినా పట్టదు. ఇకనుంచి తొట్టి దించేటప్పుడు ఒక మనిషి ఆయన పక్కనే ఉండి, భుజం తట్టి చెబితేనే దించాలి. నేనుంటా. నేను లేనిరోజు మీరుండండి."

బాబాయి ఒక అడుగు ముందుకి వేశాడు. ఏదో అనబోయాడు. పెయింటర్ అన్న ఆయన మోచెయ్యి పట్టుకుని, "జర్ర ఊకో అన్నా, నేనున్న గద" అన్నాడు. చావు తప్పించుకున్న మనిషి అడిగితే ఎవరు కాదంటారు? బాబాయి ఊరుకున్నాడు. అంతేకాదు, ఓనరు దాకా కూడా వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో నేను ఎప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అందరూ టీకి వెళ్లాక మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. "ఎప్పట్నించి తెలుసు?" అన్నాడు.

"ఈమధ్యేనండి."

"మరి నా యాక్టింగ్ చేసి చూపించలేదే?"

నేను చెంప మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "అది... మీరు చూసేవారా?"

"చెవులేగా పోయింది. కళ్లు పోలా."

ఆ తర్వాత షెడ్డు స్వర్గమైపోయిందని నేను చెప్పను. తిట్లు ఉన్నాయి. నా పానాలు రెండు తప్ప మిగిలినవి ఈనాటికీ దొరకలేదు. కానీ భుజం తట్టి చెప్పటానికి దగ్గరికి నడిచి వెళ్లాలిగదా. అంత దూరం నడిచేసరికి తిట్టులో సగం ఆవిరైపోతుంది. ఎదుటివాడి మొహం చూశాక మిగతా సగం బయటికి రావటానికి మొహమాటపడుతుంది. మేస్త్రి నందిగామలో చెవుల డాక్టరుకి చూపించుకున్నాడు. భోజనాల దగ్గర అమ్మ పప్పుకి మళ్లీ గిరాకీ వచ్చింది. కొత్తగా చేరిన హెల్పర్లు నెలలు దాటి నిలవటం మొదలుపెట్టారు. నేను పెద్దనాన్న ఇంటికి వెళ్లి అడక్కముందే మంచినీళ్లు ముంచి చేతికిచ్చి, ఆయన తాగేదాకా నిలబడి, కాళ్లకి దణ్ణం పెట్టి వచ్చాను. కొంతకాలానికి మిగిలిన సబ్జెక్టులు పూర్తిచేసి వేరే చోట ఉద్యోగంలో చేరాను. కానీ ఆ షెడ్డుని మార్చింది నేనేనన్న నమ్మకం మాత్రం మనసులో ఒక మూల చిన్న దీపంలా పెట్టుకుని, ఇన్నేళ్లూ ఆరకుండా నూనె పోస్తూ వచ్చాను. మా ఆవిడకి ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో ఆవిడే చెప్పగలదు.

ఈమధ్య విజయవాడ వెళుతూ కీసరలో ఆగి మేస్త్రిని చూశాను. పని మానేసి ఇంటిపట్టునే ఉంటున్నాడు. చెవికి మిషన్ ఉంది. ("మా ఆవిడ మొదలుపెట్టగానే తీసి జేబులో ఏసుకుంటా" అని కన్నుగీటాడు.) కుర్చీలు వేసుకుని అవీ ఇవీ మాట్లాడుకున్నాం. నేను ఉండబట్టలేక, ఆ దీపానికి ఇంకాస్త నూనె దొరుకుతుందన్న ఆశతో, "మేస్త్రిగారూ, ఆ రోజుల్లో నేను ఉన్నట్టుండి మారిపోయానుగదా. మీకేమనిపించింది?" అని అడిగాను.

"నువ్వు మారావా?" అన్నాడు ఆయన ఆశ్చర్యంగా. "ఎప్పుడు?"

"అదే... తిట్టటం మానేసి, నమస్తే పెట్టి..."

"నువ్వు మారటమేందిరా, మారింది నేనైతే! నువ్వు తిన్నగా కూర్చునేవాడివా, నుంచునేవాడివా? నీ కాలూ నీ నోరూ చూసి నాకు రాత్రుళ్లు నిద్రపట్టేది కాదు. ఒకనాడు మా ఆవిడ అంది, ఎవరి పిల్లాడో, షావుకార్ల బిడ్డ, ఇనప కొట్టంలో బెదిరిపోయుంటాడు, నువ్వే కాస్త మెత్తగా మాట్లాడరాదా అని. అప్పట్నించి నిన్ను దగ్గరికి పిలిచి మాట్లాడటం మొదలుపెట్టా. అందుకేగా నువ్వు దారికొచ్చింది" అని తృప్తిగా వెనక్కి వాలాడు.

లోపలినుంచి ఆయన భార్య టీ గ్లాసులతో వచ్చి, "ఇన్నేళ్లుగా ఆ కతే చెప్తన్నాడు బాబూ, మీరెవరో చూద్దామనుకుంటున్నా" అని నవ్వింది. నేను టీ అందుకుని, "అవునండి, మేస్త్రిగారే నన్ను మార్చారు" అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. వారంలో లోకాన్ని దారికి తెస్తానని బస్సెక్కిన ఆ కుర్రాడు గనక అప్పుడు నా పక్కన కూర్చుని ఉంటే, కాదని లేచి వాదించి ఉండేవాడు. నేను మాత్రం ఇంకో కప్పు టీ అడిగి తాగి, పొద్దువాలేదాకా అక్కడే కూర్చున్నాను.